చిల్లు నాది

బెల్మీరో తవారెస్‌కు పొగరు ఎక్కువని కీర్నీ ఊళ్లో అతన్ని ఎరిగిన ప్రతివాళ్లూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. వెనకటి రోజుల్లో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి పెరట్లో భూమిలోపల పాతిపెట్టిన నూనె ట్యాంకులను పైకి తీయడం అతని పని. ఇరవై రెండేళ్లలో నాలుగు వందల పైచిలుకు తీశాడు. ఒక్కదానికి కూడా తన యంత్రం వల్ల చిల్లు పడలేదని చెప్పుకుంటాడు. చర్చి మెట్ల మీద చెప్పుకుంటాడు, బేకరీలో చెప్పుకుంటాడు, మంగలి కుర్చీలో మెడకు గుడ్డ కట్టించుకుని కూడా చెప్పుకుంటాడు. వినేవాళ్లు మూతి పక్కకు తిప్పి నవ్వుకుంటారు గానీ కాదనరు. చెయ్యి తిరిగినవాడని వాళ్లకూ తెలుసు.

హలీనా వ్రోనా ఇంటికి ఆ గురువారం అతను మూడో మనిషిగా వెళ్లాడు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య దొరికిన నాలుగు గంటల్లో ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచింది. మొదటివాడు లారీ దిగనేలేదట, కిటికీలోంచే ఒక అంకె చెప్పి వెళ్లిపోయాడట. రెండోవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని రంగుల ఫోటోల పుస్తకం తెచ్చి, గడ్డి మీద కాలు పెట్టకముందే ట్యాంకు కారుతూనే ఉంటుందనీ, మట్టంతా తవ్వి తీసి పారేయాల్సి వస్తుందనీ, అది కూడా తామే చేస్తామనీ చెప్పాడట. ఇదంతా ఆమె మెట్ల మీద నిలబడి చేతులు కట్టుకుని చెబుతూంటే బెల్మీరో వినీ విననట్టు మోకాళ్ల మీద కూర్చుని, పూలమొక్కల మధ్య ట్యాంకులోకి దిగే తుప్పుపట్టిన గొట్టం మూత విప్పుతున్నాడు.

పొడుగాటి చెక్క కర్ర చివర ఒక ముద్ద పూసి గొట్టంలోకి దించాడు. నీళ్లు తగిలితే ఆ ముద్ద ఎర్రబడుతుంది. ట్యాంకుకు చిల్లుంటే వానకాలంలో నీళ్లు లోపలికి చేరతాయి. కర్ర పైకి లాగి వెలుతురులో తిప్పి చూశాడు. ముద్ద రంగు మారలేదు. గొట్టం చుట్టూ మట్టి గిల్లి వాసన చూశాడు. ఆమెకు కూడా కర్ర చూపించాడు.

"కారుతోందా?" అని అడిగింది.

"కర్ర లేదంటోంది. పైకి తీసి చూసేదాకా ఎవడూ గట్టిగా చెప్పలేడమ్మా."

"మీకంటే ముందొచ్చినాయన చెప్పేశాడుగా."

"ఆయనకి భూమిలోకి కనబడుతుందేమో. నాకా విద్య రాదు."

ఆమె నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి సంగతంతా చెప్పింది. ఇల్లు వెచ్చబెట్టడానికి గ్యాసు పొయ్యి ఉంది, తను కొన్నప్పటి నుంచీ ఉంది. కింద ఇలాంటిదొకటి ఉందని తనకు తెలియనే తెలియదు. ఇల్లు కొంటామన్న దంపతులు మనిషిని పంపి పెరడంతా యంత్రంతో వెతికించారు, ఇది బయటపడింది. వచ్చే శుక్రవారంలోగా ట్యాంకు తీయించి, కారలేదని ఊరి ఇన్స్పెక్టర్ చేత రాయించుకుంటేనే వాళ్లు సంతకం పెడతారు. కారిందని రాస్తే రాష్ట్రం వాళ్లు దిగుతారు, ఎవరో ఎప్పుడో పాతిన దానికి ఈమె మట్టి తవ్వించాలి, ఇల్లు అమ్మిన డబ్బంతా ఆ గోతిలోకే పోతుంది. ఆ డబ్బుతో రెండు చిన్న బస్సులు కొనుక్కుని సొంతంగా నడుపుకుందామని ఆమె ఆశ. పంతొమ్మిదేళ్లు ఒకరి బస్సు నడిపాను, ఇక చాలు అంది.

బెల్మీరో లేచి మోకాళ్లు దులుపుకుని తన నాలుగు వందల ట్యాంకుల సంగతి చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, "గొప్పలు చెప్పుకునేవాళ్లని రోజూ నలభై మందిని మోస్తుంటాను తవారెస్ గారూ. కాకపోతే వాళ్లలో ఒక్కడూ మోకాళ్ల మీద కూర్చుని పని చెయ్యడు. మీకే ఇస్తున్నాను," అంది.

*

పర్మిట్ మంగళవారానికి చేతికొచ్చింది. గ్యాసు గొట్టం, కరెంటు తీగ పోయే చోట్ల ఊరి ఆఫీసువాళ్లు వచ్చి నేల మీద గుర్తుగా రంగు గీతలు కొట్టి వెళ్లారు. బుధవారం ఏడున్నరకల్లా బెల్మీరో, అతని బావమరిది జెఫెరీనో చిన్న తవ్వకం యంత్రాన్ని ట్రెయిలర్ మీంచి దించారు.

బెల్మీరో గడ్డిని చాపలు చుట్టినట్టు చుట్టించి నీడలో పెట్టించాడు. గడ్డి పాడుచేసి వెళ్లేవాడు మనిషే కాదని అతని లెక్క. ఇనప ఊచతో నేలను గుచ్చుకుంటూ ట్యాంకు ఈ చివర పట్టుకున్నాడు. మధ్యలో రెండు చోట్ల పట్టుకున్నాడు. ఆ చివర మాత్రం పెద్ద వేరొకటి అడ్డం తగిలింది. పాతేవాళ్లు ఎప్పుడూ ఇంటి గోడకు సమంగా, తిన్నగానే పాతుతారు గదా అని అక్కడ ఊచ దించకుండా వదిలేశాడు.

పైమట్టి తీశాడు. ట్యాంకు వీపు బయటపడింది. గాలితో నడిచే కత్తెరతో వీపు మీద మనిషి పట్టేంత తలుపు కోశారు. నిప్పురవ్వ పుట్టని పనిముట్టు అది. మిగిలిన నూనెను పంపుతో పీపాల్లోకి తోడారు. జెఫెరీనో తెల్ల సూటు, ముసుగు వేసుకుని లోపలికి దిగి రబ్బరు పలకతో అడుగు గీకి, గుడ్డలతో తుడిచి, ముప్పావు గంటకి నల్లటి చేతులతో పైకొచ్చాడు.

"ఎలా ఉందిరా లోపల?"

"మా అక్క వంటిల్లులా ఉంది బావా. కాఫీ ఇచ్చేవాళ్లే లేరు."

ఇక పక్కల మట్టి తీసి ట్యాంకును లేపాలి. ఇక్కడికొచ్చాక ఈ పని చేసేవాళ్లందరూ యంత్రానికి ఉన్న, మట్టి తోడే ఇనప పళ్ల బకెట్టు తీసేసి ట్యాంకుకు గుచ్చుకోకుండా అంచు నున్నగా ఉండే బకెట్టు తగిలించుకుంటారు. జెఫెరీనో ప్రతిసారీ అడుగుతాడు, ఈసారీ అడిగాడు. నున్న బకెట్టు చేతిలో పనితనం లేనివాళ్లకురా అని బెల్మీరో ప్రతిసారీ అన్నమాటే ఈసారీ అన్నాడు. జెఫెరీనో భుజాలెగరేసి గొట్టాలు చుట్టుకోవడానికి లారీ వైపు వెళ్లాడు.

బెల్మీరో యంత్రం రెండు పిడులనీ వేళ్ల కొసలతో పట్టుకుంటాడు, గుప్పిట బిగించడు. బకెట్టు గోడ వైపు నుంచి మట్టిని పొరలు పొరలుగా తీసుకుంటూ ఆ చివరి దాకా వచ్చింది. అక్కడ జిగట మన్ను. పట్టు కాస్త పెంచాడు. పిడిలో చిన్న తేడా వచ్చింది. రేకు డబ్బాకి మేకు దిగినప్పుడు చేతికి తెలుస్తుందే, అలాంటిది. రాయి అనుకున్నాడు. రాయి కాదని చేతికి తెలుసు. మనిషి ఒప్పుకోలేదు.

గొలుసులు కట్టి ట్యాంకును లేపి గడ్డి మీద పరిచిన టార్పాలిన్ మీద దించారు. లేస్తున్నప్పుడే చూశాడు. ఈ ట్యాంకును గోడకు సమంగా పాతలేదు, ఆ చివర జానెడు ఇవతలికి తిరిగి ఉంది. జెఫెరీనో గరిటె లాంటి పనిముట్టుతో అంటుకున్న మన్ను గీకుతూ గీకుతూ ఆ చివరికి వచ్చి ఆగిపోయాడు.

"బావా," అన్నాడు.

గుండ్రటి చివరి రేకు మీద, కింది భాగంలో, రెండు వేళ్లు పట్టే చిల్లు. చుట్టూ ఇనుము తుప్పు తిని పొక్కులు పొక్కులుగా ఉంది. అంచులు పెళ్లలు ఊడి, తడి మన్నుతో నల్లబడి, కొత్త దెబ్బలా మెరవడం లేదు. ఎవరు చూసినా పాత చిల్లే అనుకుంటారు. బెల్మీరో వంగి చూసి, లేచి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నాలుగు వందల ట్యాంకులూ ఒక్కసారిగా ఎవరో లాక్కున్నట్టయింది.

జెఫెరీనో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఈ రేకు ఎలాగూ పోయేదే, రెండేళ్లుంటే దానంతట అదే తూటుపడేది. తుప్పు అంటే అయిపోతుంది. నువ్వు పొడిచావని తెలిస్తే లైసెన్సు మీద రాస్తారు, ఊళ్లో ఎవరడిగినా చూపిస్తారు, మంగలి దగ్గరికి కూడా వెళ్లలేవు. పైగా మట్టి తవ్వే పని పడితే ఆవిడ మనకే ఇస్తుంది, మనమంటే నమ్మకం గదా అన్నాడు. ఆఖరి మాట తనకే బాగోలేదేమో, అంటూనే చూపు దించుకున్నాడు.

"నోరు ముయ్," అన్నాడు బెల్మీరో.

మధ్యాహ్నం లారీ వెనక పలక దించి కూర్చున్నారు. బెల్మీరో భార్య లుసీలియా పంపిన కేల్ ఆకు సూపు, రొట్టె. బెల్మీరో సూపులో రొట్టె ముంచి నానేదాకా పట్టుకుని, తినకుండా, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. హలీనా లోపలి నుంచి వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగింది. ఇన్స్పెక్టర్ రానీండమ్మా అన్నాడు తన బూట్ల వైపు చూస్తూ. ఇన్స్పెక్టర్ రాగానే చెప్పేద్దామని మనసులో గట్టిగానే అనుకున్నాడు. మాటలు కూడా వరసగా పేర్చుకున్నాడు.

*

ఇన్స్పెక్టర్ ఫీనీ రెండు గంటలకు వచ్చాడు. పొట్టి మనిషి, ఎవరితోనూ నవ్వడు. నిరుడు వేరే వీధిలో ఒక కాంట్రాక్టరూ ఇంటాయనా కలిసి చిల్లును మూసి రంగు పూసి ఇతని చేత సంతకం పెట్టించుకున్నారు. నెలకి పక్కింటి నేలమాళిగ నూనె కంపు కొట్టింది. ఆ మచ్చ ఫీనీ మీద పడింది. అప్పటి నుంచి అతను ప్రతి ట్యాంకునూ సుత్తితో తట్టి చూస్తాడు, ప్రతి మనిషినీ కూడా.

ట్యాంకు చుట్టూ తిరిగాడు. తట్టాడు. చివరికొచ్చి వేలు చిల్లులో పెట్టాడు. గోతిలోకి వంగి వాసన చూశాడు. వీపు కోసి నూనె తోడిన గోతిలో వాసన రాకుండా ఎలా ఉంటుంది? "చిల్లుంది. వాసనుంది," అని ఫోను తీశాడు. రాష్ట్ర పర్యావరణ శాఖకు చెప్పే నంబరు అతని ఫోనులో అందరికంటే పైన ఉంటుంది.

బెల్మీరో పేర్చుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. అప్పటికి కంచె అవతల పక్కింటి ముసలాయన, కుక్కను తిప్పుతున్న ఒకావిడ, ఉత్తరాలు పంచే మనిషి ఆగి చూస్తున్నారు. ఇంతమందిలో ఎలా చెప్పాలి?

హలీనా మెట్ల మీద కూలబడింది. బెల్మీరో వైపు తిరిగి, "తవారెస్ గారూ, ఎన్నాళ్ల నుంచి కారుతోందంటారు? మీరు చెప్తే నమ్ముతాను," అంది.

ఆ మాట అతన్ని చెంప మీద కొట్టినట్టయింది.

"ఒక్క బొట్టు కారలేదమ్మా," అన్నాడు. మళ్లీ, అందరికీ వినబడేలా అన్నాడు. "ఫీనీ సార్, ఫోను పెట్టెయ్యండి. ఆ చిల్లు నాది. పొద్దున నా బకెట్టు పన్ను దిగింది. అప్పటికే ట్యాంకు తోడేశాం, తుడిచేశాం."

ఫీనీ ఫోను చెవికి దూరం జరిపి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఇరవై ఏళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. ప్రతివాడూ తుప్పనే అన్నాడు, రాయనే అన్నాడు, దేవుడన్నవాడు కూడా ఉన్నాడు. నాదీ అన్నవాడు ఒక్కడు లేడు. ఆవిడ ఎంతిస్తానందయ్యా?"

హలీనా చివ్వున లేచింది. బెల్మీరో మెడ దాకా ఎర్రబడ్డాడు. ఇరవై రెండేళ్ల పరువు తన చేతులతో తనే తీసి నేల మీద పెడితే, ఈయన దాన్ని దొంగసొత్తు అంటున్నాడు. తప్పు చేశానని ఒప్పుకోవడమే కష్టమనుకున్నాడు, దాన్ని నిరూపించుకోవాల్సి రావడం అంతకంటే ఘోరంగా ఉంది. కర్ర దించి చూశాను, నీళ్లు లేవు, ఆమెకీ చూపించాను అన్నాడు. ఆమె ఇంటావిడ, ఆమె సాక్ష్యం నాకెందుకు అన్నాడు ఫీనీ.

"అయితే పన్నునే అడగండి. బకెట్టు మార్చలేదు. ఎడమ నుంచి రెండో పన్ను మూల విరిగి ఉంది, చూడండి. చిల్లులో ఆ మూల దగ్గరే చిన్న రేకు నాలుక తెగకుండా మిగిలింది."

"పన్ను పెట్టి నొక్కితే ఏ చిల్లయినా నువ్వనుకున్న ఆకారంలోకే వస్తుంది. నాకు చూపించడానికి కొత్తగా పొడుస్తావు."

బెల్మీరో జెఫెరీనోని పిలిచి గీతలు కొట్టే నారింజ రంగు స్ప్రే డబ్బా తెమ్మన్నాడు. వంగి, చిల్లు అంచు చుట్టూతా దట్టంగా, కారేంతగా కొట్టాడు.

"తడిగా ఉంది. పన్ను లోపలికి పెడతాను, బయటికి తీస్తాను. దాని మీద రంగు చుక్క కనబడితే మీ ఇష్టమొచ్చింది రాసుకోండి. సంతకం పెట్టేస్తాను."

"బావా, వద్దు," అన్నాడు జెఫెరీనో మెల్లిగా. "వెంట్రుక సందు కూడా లేదక్కడ."

బెల్మీరో యంత్రం ఎక్కాడు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇంజను అన్నిటికంటే తక్కువ వేగంలో పెట్టాడు. పొడవాటి ఇనప చెయ్యి లేచి, తిరిగి, ట్యాంకు ముందు వచ్చి నిలబడింది. బకెట్టు ముడుచుకుని రెండో పన్ను ముందుకొచ్చేలా వంగింది. జెఫెరీనో పక్కన నిలబడి వేలితో సైగ చేయబోయాడు. బెల్మీరో తల అడ్డంగా ఊపి, చెయ్యి దించమన్నాడు. ఇప్పుడు ఇంకొకరి కళ్లు అడ్డం.

పన్ను చిల్లుకి బెత్తెడు దూరంలో ఆగింది. ముసలాయన కంచె పట్టుకున్నాడు. బెల్మీరోకి ఆ క్షణాన హలీనా గుర్తు లేదు, ఫీనీ గుర్తు లేడు. వేళ్ల కొసల్లో పిడి, పిడి చివర యంత్రం లోపలి నూనె కదలిక, ఆ కదలిక చివర విరిగిన మూల. ఊపిరి వదిలి, వదిలిన ఊపిరి మీద పిడిని కదిపాడు. కదిపాడని చెప్పడానికి కూడా లేదు. పన్ను లోపలికి వెళ్లింది. బొటనవేలంత వెళ్లి ఆగింది.

ఫీనీ గొంతుక్కూర్చుని టార్చి వేశాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. పన్ను చుట్టూ చీకటి గీత, ఒకే మందాన, సూది పట్టేంత. విరిగిన మూలలో రేకు నాలుక, ఆ చోటు తన కోసమే వదిలినట్టు కూర్చుంది. టార్చి ఆర్పి, "తియ్," అన్నాడు.

పన్ను వెనక్కి వచ్చింది. ఫీనీ జేబులోంచి తెల్ల రుమాలు తీసి దాన్ని మూడు వైపులా తుడిచాడు. రుమాలుకి మట్టి అంటింది. రంగు అంటలేదు. రుమాలు మడత తిప్పి మళ్లీ తుడిచాడు. కంచె అవతల ఎవరో సన్నగా ఈల వేశారు.

ఫీనీ అప్పటికీ ఊరుకోలేదు. ట్యాంకు ఆ చివర ఆనిన చోట మూరెడు లోతు తవ్వించి, కింది మన్ను చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూశాడు. పక్కింటి ముసలాయనకి కూడా చూపించాడు. మన్ను మన్ను వాసనే వేస్తోంది. చేతులు దులుపుకుని యంత్రం దగ్గరికి వచ్చి పైకి చూస్తూ అడిగాడు.

"ఇంత చెయ్యి ఉన్నవాడివి, పొద్దున ఎలా పొడిచావయ్యా?"

"నున్న బకెట్టు వేసుకోవాలి సార్. వేసుకోలేదు."

"ఏం?"

"పొగరు."

ఫీనీ మొహంలో ఏదో కదిలింది, నవ్వు మాత్రం కాదు. కారు బానెట్టు మీద కాగితం పెట్టి రాశాడు. ట్యాంకు కారలేదు అని ఒక వరస. ఆ వరస రాసి హలీనాకి చూపించాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగింది. కాసేపయ్యాక బెల్మీరో దగ్గరికి వచ్చింది.

"నోరు మూసుకుని ఉంటే మీకేం పోయేది?"

"ఉందామనే చూశానమ్మా. పొద్దుటి నుంచీ ఉన్నాను. ఇంకాసేపైతే ఉండేవాణ్ణే," అన్నాడు. నిజమే చెప్పాడు. చెప్పి సిగ్గుపడ్డాడు. ఆమె అతని నల్లటి చేతిని రెండు చేతులతో పట్టుకుని వదిలింది.

ఫీనీ ఇంకా రాస్తున్నాడు. కాంట్రాక్టరు లోపం అన్న గడిలో, యంత్రం నడపడంలో అజాగ్రత్త, తొలగించేటప్పుడు చిల్లు. లైసెన్సు మీదికి ఎక్కుతుంది, ఎవరడిగినా చూపిస్తాం అన్నాడు. ఇందాక చేసింది రాయడానికి ఈ కాగితంలో గడి లేదు బెల్మీరో, నేను చూశానని మాత్రం గుర్తుపెట్టుకుంటాను అన్నాడు. కలం ఇచ్చాడు.

బెల్మీరో కాగితం తన వైపు తిప్పుకుని లోపం అన్న గడిని చదివాడు. ప్రతి మాటా సరిగ్గానే ఉంది. ఉదయం నుంచి గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. అతనికి గర్వంగా ఉంది. ఇన్నాళ్లూ చర్చి మెట్ల మీద పడ్డ గర్వం దీని పక్కన పిల్లలాటలా అనిపించింది.

మామూలుగా రెండు పొడి అక్షరాలు గీకి ఇచ్చేవాడు. ఇవాళ కలం గట్టిగా పట్టుకుని, నాన్న పెట్టిన పేరు, తాత పేరు, అమ్మ ఇంటిపేరు, నాన్న ఇంటిపేరు, బెల్మీరో కుస్తోదియో మషాదు తవారెస్ అని విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు.

"అంత చోటు లేదయ్యా అక్కడ," అన్నాడు ఫీనీ.

"సరిపెడతాను సార్," అని గడి దాటించి, కాగితం అంచు వెంబడి పైకి తిప్పి, ఆఖరి అక్షరం దాకా రాశాడు.